డెరిక్‌కి నేనిచ్చిన పాస్

పదకొండేళ్ళుగా దీన్ని మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. పెళ్ళి చేసుకున్నాను, ఇల్లు మారాను, ఊరు మారాను. ఇది మాత్రం నాతోపాటే ప్రతి ఇంటికీ వచ్చింది. మోసీ మోసీ అలవాటైపోతుందని అనుకున్నాను. అవలేదు.

నా పేరు అడక్కండి. నన్ను నేను కాపాడుకోవడానికే అంటారా, కాదనను. తిట్టుకుంటూ చదివినా ఫర్వాలేదు. మధ్యలో ఆపకపోతే చాలు.

నేను సాకర్ ఆడేవాణ్ణి, అంటే మనం ఫుట్‌బాల్ అనేది. ప్రొఫెషనల్‌గా. ఆ మాట అనగానే మనవాళ్ళు టీవీలో కనిపించేవాళ్ళని ఊహించుకుంటారు. అది కాదు. అమెరికాలో పై లీగ్ ఒకటుంటుంది. దాని కింద ఇంకోటి, దాని కింద మరోటి. నేను ఆ కింది మెట్ల మీద ఆడాను, ఒహాయోలో ఒక చిన్న ఊరి క్లబ్‌కి. అక్కడి హైస్కూల్ గ్రౌండే మా గ్రౌండ్. ప్లాస్టిక్ గడ్డి, దాని మీద వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ గీతలు పసుపు రంగులో, మా సాకర్ గీతలు తెలుపులో. పది గంటలు బస్సులో కూర్చుని వెళ్ళి, ఆడి, మళ్ళీ అదే బస్సులో వెనక్కి. కాంట్రాక్ట్ ఒక్క ఏడాదికే. నవంబర్‌లో కోచ్ ఫోన్ చేసి, గొంతు మరీ మెత్తగా పెట్టి మాట్లాడితే తీసేశాడని అర్థం.

నేను మిడ్‌ఫీల్డర్‌ని. గోల్స్ కొట్టేవాణ్ణి కాదు, ఆపేవాణ్ణీ కాదు. మధ్యలో నిలబడి బాల్ తీసుకుని ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి. ఎంత బలంగా ఇవ్వాలి, ఏ కాలికి ఇవ్వాలి, ఏ క్షణంలో ఇవ్వాలి. నాకు వేగం లేదు, ఎత్తు లేదు. వచ్చింది ఆ ఒక్కటే. ఇరవై గజాల అవతల ఉన్నవాడికి, నీకు కుడికాలికి కావాలా ఎడమకాలికి కావాలా అని అడిగి మరీ ఇచ్చినట్టు ఇచ్చేవాణ్ణి. గొప్ప చెప్పుకోవడం లేదు. ముందే ఈ సంగతి మీకు తెలియాలి. పొరపాటున నా పాస్ తక్కువ పడదు.

ఎనిమిదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో అమెరికాకి, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊరికి వచ్చాను. నాన్న కార్ల పార్టులు చేసే కంపెనీలో ఇంజనీర్. మా చుట్టూ అన్నీ తెలుగు ఇళ్ళే. నేను ఆటలోకి వెళ్ళాక, వీకెండ్ పార్టీల్లో ఎవరో ఒక అంకుల్ పేపర్ ప్లేట్ పట్టుకుని నా పక్కకి వచ్చేవాడు.

"ఏం చేస్తున్నావురా ఇప్పుడు?"

"సాకర్ ఆడుతున్నానంకుల్."

"అది సరే, జాబ్ ఏంటి?"

నాన్న కాస్త దూరంలో నిలబడి తన ప్లేట్‌లోకి చూసుకునేవాడు. ఆయన నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అమ్మ మాత్రం అడిగినవాళ్ళకల్లా "ఇంకో రెండేళ్ళు చూస్తాట్ట" అని చెప్పేది, ఏదో జబ్బు నయం కావడానికి టైం పడుతుందన్నట్టు.

డెరిక్ గురించి చెప్పాలి.

నేను ఒహాయో క్లబ్‌లో చేరేనాటికి అతనికి ముప్ఫై. పెన్సిల్వేనియా మనిషి. అప్పటికే ఆరు క్లబ్బులు మారాడు. భార్య టాన్యా ఒక డెంటిస్ట్ ఆఫీసులో పనిచేసేది. వాళ్ళకి మ్యాడీ అని ఒక చిన్న కూతురు. అతనూ మిడ్‌ఫీల్డరే, గ్రౌండ్‌లో నా పక్కనే. మామూలుగా అయితే ముప్ఫై దాటుతున్నవాడు కొత్తగా వచ్చిన ఇరవై రెండేళ్ళవాణ్ణి చూసి భయపడాలి. చోటు పోతుందేమోనని. డెరిక్ నాకు పని నేర్పాడు. బాల్ నీ దగ్గరికి రాకముందే రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడు, ఎవరెక్కడున్నారో ముందే తెలియాలి అనేవాడు. మొదటి చలికాలం నాకు కారు లేదు. రోజూ పొద్దున్నే వచ్చి నా అపార్ట్‌మెంట్ కింద హారన్ కొట్టేవాడు. నేను బీఫ్ తిననని టాన్యా నాకోసం విడిగా చికెన్ వండేది.

మా ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉండేది. ఎప్పుడూ పైకి అనుకోలేదు, ఆడగా ఆడగా ఏర్పడింది. నేను అతనికి పాస్ ఇచ్చానంటే దారి ఖాళీగా ఉందని అర్థం. అతను వెనక్కి చూసుకోనక్కర్లేదు. నేను చూసే ఇచ్చి ఉంటాను.

ఆ ఏడాది నాకు ఇరవై నాలుగు. సెప్టెంబర్‌లో కోచ్ నన్ను పిలిచి, వచ్చే సీజన్ నుంచి ఆట తీరు మారుస్తున్నానని, డెరిక్‌కీ నాకూ కలిపి ఒకటే చోటు ఉంటుందని చెప్పాడు. ఎవరికని అడగలేదు. నాకు కాదని ఆయన మొహంలోనే తెలుస్తోంది.

తరవాతి వారం ప్రాక్టీస్ నుంచి వస్తూ డెరిక్ గ్యాస్ స్టేషన్‌లో కారాపాడు. పంపు ట్యాంక్‌లో పెట్టి, కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. పై లీగ్ నుంచి ఇద్దరు శనివారం మ్యాచ్‌కి వస్తున్నారట. అతన్ని చూడ్డానికే. వచ్చే సీజన్‌కి అనుభవం ఉన్న మిడ్‌ఫీల్డర్ కావాలట వాళ్ళకి.

"ఎవరికీ చెప్పకు. ఇంకా టాన్యాకి కూడా చెప్పలేదు," అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. ముప్ఫై రెండేళ్ళవాడు, సగం జీవితం బస్సుల్లో గడిపినవాడు, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ సంగతి అతను చెప్పుకున్నది నా ఒక్కడికే.

కంగ్రాట్స్ అన్నాను. నేనూ నవ్వాను.

ఇక్కడ కాసేపు ఆగాలి. అతను పైకి వెళ్ళిపోతే ఇక్కడ మిగిలిన ఆ ఒక్క చోటూ నాదే. అర్థమైంది కదా? శనివారం అతను ఎంత బాగా ఆడితే నాకంత మంచిది. కానీ చాలా ఏళ్ళు నేను నాకు చెప్పుకున్న కథ వేరు. భయంతో చేశాను. చోటు పోతే ఫార్మింగ్టన్ హిల్స్ వెళ్ళి అంకుల్స్ ముందు నిలబడాలన్న భయంతో చేశాను. ఆ వయసులో భయపడితే ఎవడైనా ఏదైనా చేస్తాడు. ఇదీ కథ. ఎంత బాగుందో చూడండి, నా మీద నాకే జాలి కలిగేలా ఉంది. కానీ అబద్ధం. నిజంగా భయపడినవాడైతే అతనికి మంచి మంచి పాసులిచ్చి పైకి పంపించేసేవాడు.

మరి ఎందుకు చేశాను?

ఓర్వలేక. అంతే. ఇంతకంటే మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు. అతను నాకు నేర్పుతున్నంతకాలం, నాతోపాటు అదే మెట్టు మీద ఉన్నంతకాలం అతనంటే నాకు ప్రాణం. ఆ నవ్వు చూశాక ఏదో విరిగింది. అతని కష్టంలో పక్కన నిలబడగలను. అతను మెట్టెక్కుతుంటే కింద నుంచి చూడలేకపోయాను.

శనివారం సన్నగా తుంపర పడుతోంది. పై లీగ్ మనుషులిద్దరూ స్టాండ్‌లో ఒకే రకం నల్ల జాకెట్లు వేసుకుని కూర్చున్నారు. ఒకాయన చేతిలో చిన్న పుస్తకం. నేను వాళ్ళ ముందు నుంచి ఎన్నిసార్లు పరిగెత్తినా ఆయన తల ఎత్తలేదు. డెరిక్ బాల్ తాకిన ప్రతిసారీ ఎత్తాడు. డెరిక్ ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు.

సెకండ్ హాఫ్‌లో మా డిఫెండర్ నాకు బాల్ పంపాడు. అది నా దగ్గరికి వచ్చేలోపు రెండుసార్లు వెనక్కి చూశాను. మొదటిసారి డెరిక్ కనిపించాడు. కుడివైపు, ఖాళీలో, చెయ్యెత్తి. రెండోసారి అవతలి టీమ్ ఆటగాడు ఒకడు కనిపించాడు. పొడుగ్గా ఉన్నాడు. డెరిక్ వీపు వైపు నుంచి అప్పటికే పరుగు అందుకున్నాడు.

బాల్ గట్టిగా కొట్టి ఉంటే అతను చేరేలోపు డెరిక్ తీసుకుని తిరిగిపోయేవాడు. వెనక్కి గోల్‌కీపర్‌కి ఇచ్చి ఉండొచ్చు. లేదా నా దగ్గరే పెట్టుకుని ఉండొచ్చు. మూడు దారులూ కనిపించాయి. అర సెకనులో మనిషికి అంత కనిపిస్తుందా అంటారేమో. కనిపిస్తుంది. మాకు జీతం ఇచ్చేదే అందుకు.

మెత్తగా తోశాను. ఒక అడుగు తక్కువ. కావాలని.

డెరిక్ బాల్ కోసం కాలు చాచాడు. అవతలివాడూ చాచాడు. ఇద్దరూ ఒకేసారి చేరారు.

ఆ చప్పుడు గురించి రాయను. డెరిక్ అరవలేదు. పడుకుని ఆకాశం వైపు చూస్తూ, నా పాదం తిన్నగానే ఉందా అని మాత్రం అడిగాడు. నేను పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నాను. తిన్నగానే ఉందని చెప్పాను. లేదు.

అతను బాల్ పోగొట్టుకోవాలని మాత్రమే కోరుకున్నాను. ఆ జాకెట్ల ముందు ఒక్కసారి తడబడాలని. కాలు విరగాలని కాదు. ఒట్టు. ఇలా ఎన్నిసార్లు ఒట్టేసుకున్నానో. కానీ ఈ ఒట్టుకి విలువెంత? మనిషిని రోడ్డు మీదికి తోసి, దెబ్బ ఇంత గట్టిగా తగులుతుందనుకోలేదు అన్నట్టుంటుంది. కారు వస్తోందని నాకు తెలుసు. చూశాకే తోశాను.

కొట్టిన ఆటగాడికి రెడ్ కార్డ్ ఇచ్చారు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో. ఏడుస్తూ బయటికి వెళ్ళాడు. మా ఊరివాళ్ళు వారాల తరబడి అతన్ని ఆన్‌లైన్‌లో బూతులు తిట్టారు. అతను డెరిక్‌కి చేత్తో ఉత్తరం రాసి పంపాడు. టాన్యా దాన్ని నాకు చదివి వినిపించింది. తప్పు చేయనివాడు మూడు పేజీల క్షమాపణ రాశాడు. చేసినవాడు సోఫాలో కూర్చుని "పాపం" అన్నాడు.

ఆపరేషన్ అయిన మూడు వారాలకి, ఒక ఆదివారం మధ్యాహ్నం, డెరిక్ ఇంటికి వెళ్ళాను. కాలు స్టూల్ మీద పెట్టుకుని టీవీ ముందున్నాడు. టీవీలో ఆ మ్యాచ్. నా పాస్ దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వేస్తున్నాడు.

"నీ పాస్ ఎప్పుడూ ఇలా పడదు," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆట గురించి మాట్లాడేటప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. "ఏమైంది?"

"తడి," అన్నాను. "గ్రౌండ్ తడిగా ఉంది కదా. బాల్ ఆగిపోయింది."

నా వైపు తిరిగి చూశాడు.

"తడి," అన్నాడు.

"అవును."

"వాడు వస్తుండడం చూశావా?"

"లేదు."

టీవీ ఆపేశాడు. "సరే. భోంచేసి వెళ్ళు. టాన్యా నీకోసం చికెన్ చేసింది."

మీకు ఈ ఆట తెలియకపోతే ఒకటి చెప్పాలి. మామూలు గడ్డి నానితే బాల్ ఆగుతుంది. ప్లాస్టిక్ గడ్డి మీద తడి ఉంటే బాల్ జారుతుంది, ఇంకా వేగంగా పోతుంది. మా దగ్గర నేర్చుకునే పదేళ్ళ పిల్లలకి కూడా తెలుసు. డెరిక్‌కి తెలియదా? అతని సగం జీవితం ఆ ప్లాస్టిక్ మీదే గడిచింది. అతని ఇంట్లో, అతని కాలికున్న రాడ్ల ఎదురుగా కూర్చుని ఆ మాటన్నాను. అతను సరే అన్నాడు. తెలిసి వదిలేశాడా? తెలుసుకోవడం ఇష్టంలేక టీవీ ఆపేశాడా?

ఆ రోజు చికెన్ తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను కూడా.

డెరిక్ మళ్ళీ ఆడాలని ఏడాదిన్నర కష్టపడ్డాడు. తిరిగొచ్చిన మూడో రోజు ప్రాక్టీస్ మధ్యలో తనే ఆగి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ప్లంబింగ్ సామాన్ల గోడౌన్‌లో పనిచేస్తున్నాడు. చలికాలం కుంటు ఎక్కువవుతుంది.

నాకు చోటు దొరికింది. తరవాత కెప్టెన్‌ని చేశారు. ఇంకో తొమ్మిది సీజన్లు ఆడాను. నల్ల జాకెట్లవాళ్ళు నాకోసం ఒక్కసారీ రాలేదు. ఆ పాస్ తరవాత నేను మెత్తగా ఇవ్వలేకపోయాను. ఎవరికిచ్చినా అవసరం కంటే గట్టిగా పోయేది. నీ కాలికేమైందని కోచ్ అడిగేవాడు. ఉన్న ఒక్క విద్యా అలా పోయింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

ఆ ఏళ్ళన్నీ నేను వాళ్ళింటికి మంచి స్నేహితుణ్ణి. వాళ్ళ లాన్ కోశాను, ఇల్లు మారితే సామాన్లు మోశాను. టాన్యాకి కుదరని రోజుల్లో మ్యాడీని స్కూల్‌కి డ్రైవ్ చేశాను. వాడు మా ఇంటి మనిషి అని టాన్యా అందరితో అనేది. అక్కడి పేపర్‌లో మా స్నేహం గురించి ఫోటోతో వేశారు. ప్రాయశ్చిత్తమా అది? అలా అనుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. కాదు. కాపలా. అతనికి ఎప్పుడు తెలుస్తుందో చూసుకోవడానికి దగ్గరే ఉండి కాపలా కాశాను.

రెండేళ్ళ కిందట ఆట మానేశాను. చివరి మ్యాచ్ రోజు క్లబ్‌వాళ్ళు నాకోసం ఒక వీడియో వేశారు. నిస్వార్థంగా ఆడిన మనిషి అని దానిలో ఎవరో గంభీరమైన గొంతుతో చెప్పారు. స్టాండ్‌లో అమ్మ, నాన్న, నా భార్య శ్రావణి. శ్రావణి మాస్టర్స్ చేయడానికి ఒహాయోలోనే ఉన్న కొలంబస్‌కి వచ్చిన అమ్మాయి. అక్కడ తెలుగువాళ్ళ ఫంక్షన్‌లో పరిచయమైంది, మ్యాచ్‌లకి రావడం మొదలుపెట్టింది. నా జెర్సీని ఫ్రేమ్ కట్టించి, ఇవ్వడానికి డెరిక్‌ని పిలిచారు. అతను గ్రౌండ్ మధ్యకి నడిచి రావడానికి చాలాసేపు పట్టింది. అందరూ లేచి నిలబడ్డారు. మైక్ తీసుకున్నాడు.

"రెండేళ్ళు ఇతని పక్కన ఆడాను. ఒక్కటి తప్ప చెడ్డ పాస్ ఇవ్వలేదు. ఆ రోజు గ్రౌండ్ తడిగా ఉందట."

జనం ప్రేమగా నవ్వారు. ఇంగ్లీషులో అతను అన్నది, 'తడిగా ఉందని ఇతను నాకు చెప్పాడు' అని. నాకు మాత్రం మన భాషలోనే వినపడింది. ఉందట. ఆ ఒక్క 'ట' చాలు, మాట తనది కాదు, తనకి చెప్పినవాడిది అని తేల్చేయడానికి.

తరవాత ఫ్రేమ్ మోసుకుంటూ నాతోపాటు పార్కింగ్ దాకా వచ్చాడు. శ్రావణి అమ్మానాన్నలతో వెనక వస్తోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసిపోయింది.

"డెరిక్, ఆ రోజు..."

"వద్దు," అన్నాడు. "నువ్వు చెప్తే నేనేదో ఒకటి అనాలి. క్షమించాననో, లేదనో. ఆ పని కూడా నా మీద పెట్టకు."

ట్రంక్‌లో టవల్ పరిచి, అద్దం మీద గీతలు పడకుండా ఫ్రేమ్‌ని దాని మీద పెట్టాడు. ట్రంక్ మూసి వెళ్ళిపోయాడు. ఆ తరవాత నేను పంపిన ఒక్క మెసేజ్‌కీ జవాబు రాలేదు.

తెలుసన్నమాట. ఎప్పటినుంచి? టీవీ ఆపేసిన రోజు నుంచేనా? తెలిసే లాన్ కోయనిచ్చాడా? తెలిసే కూతుర్ని నా కారెక్కించాడా? ఎందుకు? గొప్పతనమని అనుకుందామని ఉంటుంది. బహుశా అంత గొప్ప సంగతేం కాదు. కాలు విరిగి, భార్య పనికి పోయే ఇంట్లో సాయానికి ఒక మనిషి కావాలి. ఎవడైతేనేం.

ఇప్పుడు ఒహాయోకి చాలా దూరంగా, చాండ్లర్ అనే ఊళ్ళో ఉంటున్నాం. నాన్న స్నేహితుడొకాయన చెప్తే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాను. చివరికి అంకుల్సే గెలిచారు. ఆఫీస్‌లో తెలుగు కుర్రాళ్ళు నా వీడియో చూసి, "అన్నా, మీరు ప్రో ఆడారా, చెప్పనేలేదు" అని సెల్ఫీలు తీసుకుంటారు. నవ్వి నిలబడతాను.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఆ క్లబ్‌లో ఎవరూ దీన్ని చదవలేరు. ఇదీ పిరికితనమే, తెలుసు. వినాల్సినవాడు విననన్నాడు కాబట్టి మీకు చెప్తున్నానని రాయబోయాను. అదీ సగమే నిజం. అతను వినడానికి సిద్ధంగా ఉన్న రోజుల్లో ఏం చేశాను? అతనికి వినే ఓపిక ఉన్నన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. క్షమ అక్కర్లేదని కూడా రాయబోయాను. కావాలి. కానీ ఇవ్వగలిగినవాడు ఒక్కడే. అడగొద్దన్నాడు. మీరిచ్చినా చెల్లదు.

కానీ అమ్మకి తెలుగొచ్చు. నాన్నకొచ్చు. శ్రావణికి నాకంటే బాగా వచ్చు. ఇందాక, పైన రాసినంతవరకూ ప్రింట్ తీసి ఆమెకిచ్చాను. ఏంటిది అని అడిగింది. చదువు అన్నాను. వంటింట్లో టేబుల్ దగ్గర కూర్చుని చదువుతోంది. నేను పక్క గదిలో ఈ నాలుగు లైన్లూ రాస్తున్నాను. కాగితం తిప్పడం వినపడుతోంది. ఒకటి తిరిగింది. రెండోది తిరిగింది. మూడోది తిరగడానికి చాలాసేపు పట్టింది.

ఆమె వీడియోలోని మనిషిని పెళ్ళి చేసుకుంది. ఇవాళ్టి నుంచి ఆమె ఈ వేరే మనిషితో ఉండాల్సి వస్తుంది, లేదా ఉండక్కర్లేదనుకుంటుంది. ఏమంటుందో నాకు తెలియదు. కానీ గుండెల మీద ఏదో కాస్త కదిలింది. ఇంత తేలిగ్గా ఉన్నందుకు సిగ్గుగా ఉంది. డెరిక్ కాలు అలాగే ఉంది, నాకు మాత్రం ఊపిరాడుతోంది.

కాగితాల చప్పుడు ఆగింది. కుర్చీ వెనక్కి జరిగింది. వస్తోంది.